ఘాట్ రోడ్డు ఎక్కేముందు

“ఇదిగో, సూసేరా! ఇందుకే వద్దంటన్నాను,” అంది నీలవేణి, ఇంకా సెగలు కక్కుతున్న బోనెట్ వైపు చెయ్యి చూపిస్తూ.

రాయగడలో టోకు కిరాణా వ్యాపారం చేసే ఆమె భర్త మన్మథరావు వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. నిన్నటి నుంచి నడుం పట్టేసిందని పెద్దగా కదలడం లేదు. “ఏటయింది?” అన్నాడు, చేతిలో పేపరు దించకుండానే.

“రైలు గేటు దగ్గర ఆగేసరికి వేడి ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళిపోయింది నాన్నా. ఇంజను ఆపేసి, చల్లారేక మెల్లగా తెచ్చేను,” అంది కూతురు హరిప్రియ.

హరిప్రియ పశువుల డాక్టరు. మర్నాడే నారాయణపట్నలో ఉద్యోగంలో చేరాలి. చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నీ తిరగాల్సిన పని. “కారు తీసుకెళ్ళమ్మీ” అని తండ్రి అన్న రోజు నుంచీ ఇంట్లో గొడవే. కూతురు కారు బాగా నడుపుతుందని నీలవేణికీ తెలుసు. “ఆ ఘాట్‌లో బండి ఆగిపోతే ఏటి సేస్తాది? ఎవులున్నారక్కడ?” అన్నదొక్కటే ఆమె ప్రశ్న. ఆ ఉదయం తల్లీకూతుళ్ళు మార్కెట్టుకు బయల్దేరుతుంటే “ఊరు దాటకండి” అని మాత్రం మన్మథరావు చెప్పాడు.

“గేరేజీవోడికి ఫోన్ సెయ్యండి,” అంది నీలవేణి.

“ఆడు బిస్సమ్ కటక్ ఎల్లేడు, పెళ్ళికి. రేపు గానీ రాడు.”

“అయితే మీరే సూడండి. అప్పట్లో దుకాణం వేను మీరే బాగు సేసుకునేవోరు కదా!”

“నా నడుం సూస్తన్నావు కదే!”

“నేను చూస్తాను,” అంది హరిప్రియ.

ఏసీ వేసి చూసింది. రేడియేటర్ వెనక, ఇంజనును చల్లార్చే ఫ్యాను కదల్లేదు. ఫ్యూజు తీసి వెలుతురుకి పట్టింది. బాగానే ఉంది. ఫ్యాను దగ్గర ప్లగ్గు ఊడదీసి టెస్ట్ బల్బు పెడితే వెలిగింది.

“కరెంటు వస్తోంది, ఫ్యాను తిరగట్లేదు. మోటారు కాలిపోయింది నాన్నా. మార్చాలి.”

“కాయమేనా?”

“కాయమే.”

మన్మథరావు పేపరు మడిచాడు. “కొత్తది వైజాగ్ నుంచి రావాల. వాడినది ఏదైనా దొరుకుతాదేమో కనుక్కుంటాను,” అని ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఇంజను చల్లబడేలోగా దుకాణంలో గుమాస్తా జోగయ్య గోనెసంచిలో ఒక ఫ్యాను తెచ్చి ఇచ్చిపోయాడు.

నీలవేణి మొహం చిట్లించింది. “పాతదా?”

“తిరిగితే సాలదేటి?” అన్నాడు మన్మథరావు, మళ్ళీ కుర్చీలో కూర్చుంటూ.

హరిప్రియ ముందు బేటరీ నల్ల వైరు తీసేసింది. బోల్టులు అనుకున్నదానికన్నా సులువుగానే వచ్చాయి. ఫ్యానే రానంది. రేడియేటర్‌కీ ఇంజనుకీ మధ్య చెయ్యి పట్టేంత సందే ఉంది. ఎటు తిప్పినా గొట్టమేదో అడ్డం వస్తోంది. ఒక్కసారిగా చెయ్యి జారి, వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి.

“రత్తం! ఏవండీ, కూతురు అలగ అవస్థ పడతా ఉంటే కూసుంటారేటి?”

“అదడిగితే ఎల్తాను.”

హరిప్రియ అడగలేదు. మొగుడి మీద పళ్ళు నూరుకుంటూ నీలవేణి చీర కొంగు నడుముకు దోపి, టార్చి తీసుకుని కూతురి పక్కన నిలబడింది. “ఎక్కడ పట్టీమంటావు, సెప్పు.”

“ఆ మూల. ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడే.”

చివరికి ఫ్యానును ఏటవాలుగా వంచి పైకి లాగేసింది. రెండోది సంచిలోంచి తీసి అదే దారిన కిందకు దింపింది. ఈ కారుకే కొలిచి చేసినట్టు చక్కగా కూర్చుంది. బోల్టులు బిగించి, ప్లగ్గు పెట్టి, బేటరీ వైరు కలిపి ఇంజను స్టార్టు చేసింది.

ముల్లు మెల్లగా పైకి లేచింది. ఫ్యాను తిరగలేదు. ముల్లు సగం దాటింది.

“ఆపీ అమ్మీ, ఆపీ!”

“ఆగమ్మా, ఇంకా వేడెక్కాలి.” పైకి అలా అంది గానీ హరిప్రియ చెయ్యి అప్పటికే తాళం మీదుంది.

గర్రుమని ఫ్యాను అందుకుంది. ముల్లు ఆగి, కొద్దిగా వెనక్కి జరిగింది. హరిప్రియ మసి చేతులతోనే తల్లిని వాటేసుకుంది. చీర పాడైందని నీలవేణి విసుక్కోలేదు.

“మెకానిక్కు వచ్చేడేటి వదినా?” అని గోడ అవతలి నుంచి పక్కింటి భారతీదేవి అడిగింది.

“మెకానిక్కెందుకు? మా అమ్మి మార్చింది!” వీధి చివర దాకా వినబడేలా చెప్పింది నీలవేణి. “అన్నీ అదే ఇప్పి, అదే బిగించింది. మా ఆయన కుర్చీలోంచి లెగనైనా లెగలేదు!”

మర్నాడు, సోమవారం పొద్దున్న స్పానర్ల పెట్టె డిక్కీలో పెట్టింది నీలవేణే. తాళం కూడా తనే తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

“దారిలో ఆగిపోతేనో?” అంది హరిప్రియ, నవ్వుతూ.

“ఆగితే ఆగనీ. నువ్వున్నావు కదా!”

కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. నీలవేణి కళ్ళు తుడుచుకుని తల ఎగరేసింది. “సూసేరా, నా కూతురు!”

“సూసేను,” అన్నాడు మన్మథరావు.

వరండాలో కాలిపోయిన ఫ్యాను ఆమె కాలికి తగిలింది. “దీన్ని పాత ఇనప సామాన్లోడికి ఇచ్చీమంటారా?”

“వద్దు. అది గేరేజీవోడిది. తిరిగిచ్చీయాల.”

“ఆడిదేటి? మన కారులోంచి కదా తీసింది!”

మన్మథరావు చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“మొన్న మన మంచిది తీసి దాచి, దీన్ని బిగించింది నేనే.”