బీరువాలో లేహ్యం

సుందర్‌రాజు సార్ లేహ్యం సీసా మూత మొదటిసారి తీసింది వాసన చూడటానికే. పాపం, ఆ మాట ఆయన కూడా నమ్మాడు.

ఆ బీరంగూడ బడిలో పిల్లల మందుల బాధ్యత ఆయనది. ఇంటి నుంచి తెచ్చిన మందేదైనా ఆయన చేతికివ్వాలి. ఆయన దాన్ని బీరువాలో పెట్టి, అన్నాలయ్యాక తన ఎదుటే మింగిస్తాడు. ఆ నియమం పెట్టిందీ ఆయనే. ఈ సీసా ఆరో తరగతి నిషితది. పిల్లకు దగ్గుందని నాయనమ్మ సత్తెమ్మ చేసి పంపింది. అల్లం, బెల్లం, నెయ్యి, పైన కాస్త మిరియాల ఘాటు. వాసనకే నోరూరి ఒక చెంచా గొంతు దిగింది. మర్నాడు ఇంకోటి దిగింది.

తప్పనిపించలేదా అంటే అనిపించింది. కానీ ఆ పిల్లకు దగ్గుంటే గదా! ఖోఖోలో అలుపు లేకుండా ఉరికే నిషిత, బీరువా గది గడప తొక్కగానే ఖళ్ళుఖళ్ళున దగ్గేది. చెంచా నోట్లో పెట్టీపెట్టగానే నల్లా దగ్గరికి పరుగు.

"మింగినవా?"

"మింగిన సార్. మస్తు చేదున్నది. కావల్నంటే మీరే చూడున్రి!"

బెల్లం లేహ్యం చేదట! దొంగపిల్ల అనుకుంటూ ఆ దొంగసారు ఇంకో చెంచా లాగించేవాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల గాలికి గొంతు పాడై రాత్రిళ్లు దగ్గుతున్నాడని ఇంట్లో భార్య లీలమ్మ కషాయం గ్లాసుతో వెంటపడితే, ఆవిడ అటు తిరగగానే గులాబీ కుండీలో పోసే మనిషి ఆయన. అలాంటి నాలుకకు ఈ లేహ్యం తెగ నచ్చింది.

సీసా అడుగు కనిపించిన రోజే సత్తెమ్మ బడికొచ్చింది.

"సారూ, మా పిల్ల సీసా జెర చూపియ్యున్రి."

వచ్చే నెల ఆయన హెడ్మాస్టర్ కావాలి. పిల్లల మందు తిన్నాడన్న పేరొస్తే కుర్చీ మాట అటుంచి, వీధిలో తలెత్తుకు తిరగలేడు. బీరువాలోంచి సీసా తీసి అందించాడు.

"గింతే ఉన్నదేంది? పిల్లకు రోజుకో చెంచనే గద!"

"చీమలు... చీమలు పట్టినయ్ సత్తెమ్మా."

"తిని, మల్ల మూత గుడ పెట్టి పోయినయా సారూ, గా చీమలు?"

సత్తెమ్మ సీసా కొంగులో చుట్టుకుని, వరండాలోకి వెళ్లి ఫోన్ తీసింది. అది ఎంఈవోకే అనుకుని సార్‌కు ప్రాణం పోయినంత పనైంది. కిటికీ పక్కన నక్కి చెవి ఒగ్గాడు.

"లీలమ్మా, నువ్వన్నట్టే అయ్యింది! ఇంట్ల ఇస్తే పారబోసే సారు, దొంగతనంగ సీసా అంత ఊడ్చిండు. రాత్రిళ్లు దగ్గుతలేడన్నవు గద, ఇగ ఇంకో సీసా గుడ మా నిషిత చేతనే తోలాల్నా?"