వరహాలమ్మ టీచరు లవంగం

ఇప్పుడు ప్రతి బడిలోనూ ఏఐ అమర్చిన గోడలు పాఠం వింటున్నాయి. తరగతిలో ఎవరెంతసేపు మాట్లాడారో సాయంత్రానికి గీతలు గీసి చూపిస్తాయి. మిగతా టీచర్లమంతా వాటికేసి చూడకుండానే సంచులు సర్దుకుంటాం. పక్క తరగతి తెలుగు టీచరు వరహాలమ్మ గారు మాత్రం గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ముప్పై ఏళ్లుగా ఆవిడ సగం వాక్యం చెబితే, మిగతా సగం పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకుంటారు. తరగతి హోరెత్తిపోతుంది. ఆ హోరులో పైడితల్లి అనే పిల్ల ఏడాదిగా నోరే విప్పలేదని గోడ చూపించింది.

"నేనే దాని నోటికి అడ్డం పడిపోతన్నానమ్మా," అన్నారు నాతో. "అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే."

మర్నాడు నేను కిటికీలోంచి చూశాను. పొద్దున్న దారిలో ఏం చూశావని పైడితల్లిని అడిగి, ఇక తన మాట జారకుండా ఆవిడ ఓ లవంగం పళ్ల మధ్య బిగించారు. పిల్ల నేలచూపులు చూసింది. వెనక బెంచీలో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ కదల్లేదు.

"మాయమ్మ రొయ్యల కంపెనీ బస్సెక్కతా నాకేసి సూసింది టీచర్," అంది పైడితల్లి చివరికి. "నాను సెయ్యూపినాను. మాయమ్మ నవ్వినాది."

సాయంత్రం గోడ మీద ఎర్రగీత కనబడింది: 'పంతొమ్మిది సెకన్లు బోధన ఆగిపోయింది.'

నాకు ఒళ్లు మండింది. వరహాలమ్మ గారు నవ్వేశారు.

"పోన్లేమ్మా, ఆ గోడకింకా వినడం కొత్త. నాకే ముప్పై ఏళ్లు పట్టింది."