పాత పాటకు కొత్త మాటలు

"పాటలో ఒక్క ఊపిరికి చోటివ్వండి, మాయెస్ట్రో గారూ. అంతకు మించి ఏమీ అడగను," అంది నాటకశాలలో బట్టలు కుట్టే ఓర్సొలా, నోట్లో పట్టుకున్న సూది తీసి.

సంగీతం కట్టే బెనెడెట్టో కాగితాల్లోంచి తల ఎత్తలేదు. పది రోజుల్లో వెనిస్‌లో కార్నివాల్ పండుగ. కొత్త సంగీత నాటకమని గోడల మీద అంటించారు గానీ అందులో కొత్తవి మాటలే. తన ఆరు పాత నాటకాల్లోంచి పాటలు కోసి, పాత మాటల మీద కొత్త మాటల చీటీలు పిండితో అతికిస్తున్నాడాయన. తుఫాను పాట ప్రేమ పాటయింది. జోలపాట యుద్ధానికి వెళ్లింది.

రాణి వేషం ఓర్సొలా కూతురు జనెట్టాది. పదిహేడేళ్ల పిల్ల, మొదటిసారి రంగమెక్కడం. దాని వాటాకు రెండో అంకం చివరి పాట వచ్చిందని తెలిసినప్పటి నుంచీ ఓర్సొలాకు రొట్టె గొంతు దిగడం లేదు.

మొదటి రోజు పాట మార్చమని బతిమాలింది. కుదరదన్నాడు. మర్నాడు, జనం గుర్తుపట్టి ఈలలు వేస్తారంది. నాటకశాలకు పేకాడుకోవడానికి వచ్చేవాళ్లకు పోయినేటి పాటే గుర్తుండదు, పద్దెనిమిదేళ్ల నాటిది ఎవరికి గుర్తుంటుందని నవ్వాడు.

"నాకు గుర్తుంది. ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నాను."

"అయితే పాడిన పిల్ల సంగతీ తెలిసే ఉంటుంది. మధ్యలో గొంతు పూడిపోయి కొయ్యలా నిలబడింది. పై అంతస్తు జనం ఉడికించిన పియర్ పండ్లు విసిరారు. నా పాటను ఆ పిల్లే చంపింది."

"మళ్లీ పాడలేదట, పాపం."

"లోకానికి మేలు చేసింది."

సూది ఓర్సొలా వేలికి దిగింది. ఆమె కుడుతున్న రాణి గౌను కూడా పాత గౌన్లు విప్పి అతికినదే.

"పాత బట్ట పాత చోటే పిగులుతుందండీ. ఆ చివరి స్వరాల పరుగులో ఊపిరికి చోటు లేదు."

"జనెట్టా వాళ్లమ్మా, నువ్వు గౌను చూసుకో. పాట నేను చూసుకుంటాను."

ఇంట్లో కూతురి మెడకు ఉన్నిగుడ్డ చుట్టింది, కిటికీలు బిగించింది, సోంపు నీళ్లు మూడుసార్లు తాగించింది. పరుగుకు ముందు ఊపిరి దాచుకోమని ముప్పయ్యోసారి చెప్పబోతే పిల్ల విసుక్కుంది. "కూనిరాగమైనా తీయని దానివి, నాకు పాట చెబుతావేంటమ్మా?"

ఓర్సొలా ఉన్నిగుడ్డ ఇంకో చుట్టు చుట్టింది.

మూడో రోజు వాద్యాలతో రిహార్సల్. జనెట్టా పాట బాగానే ఎత్తుకుంది. చివరి పరుగు పైకెక్కుతుండగా, సరిగ్గా ఆ చోట, గొంతు పూడిపోయింది. వయొలిన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఓర్సొలా కళ్లు మూసుకుంది.

బెనెడెట్టో తిట్టలేదు. కాగితాన్ని చాలాసేపు చూశాడు. కలం ముంచి, స్వరాల మధ్య చిన్న విరామం గీశాడు. మళ్లీ పాడమన్నాడు. ఈసారి పాట చివరిదాకా వెళ్లింది.

ఆయన వచ్చి ఓర్సొలా పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"అప్పటి పిల్ల కూడా అక్కడే ఆగింది. తప్పు నాది. పద్దెనిమిదేళ్లుగా దాన్ని తిట్టుకుంటున్నాను. ఇప్పుడు చూస్తే పేరు కూడా గుర్తు రావడం లేదు."

ఆమె దారం పుటుక్కున కొరికింది.

"ఓర్సొలా," అంది ఓర్సొలా.