తండ్రి పేరు

“తండ్రి పేరు?” అని మెత్తగా అడిగాడు జయరాం.

మారప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. జయరాం రెండోసారి అడగలేదు. కాసేపు చూసి, కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు. పక్కన కూర్చున్న తనిఖీ అధికారి కాగితం మీద సంతకం పెట్టాడు. ఇన్నేళ్ళూ భూమి అడుగున రాయి కొట్టిన మారప్ప ఆ నిమిషం నుంచి కంపెనీ మనిషి కాకుండా పోయాడు.

“పోయి రాప్పా” అన్నాడు జయరాం, అంతే మెత్తగా.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైనా, హాజరు మాత్రం దొరలనాటి ఇత్తడి బిళ్ళల మీదే నడిచింది. బిళ్ళ మీద నంబరు ఉంటుంది, మొహం ఉండదు. పల్లె నుంచి వచ్చి పనిలో చేరినవాడు ఆ చీకటికి జడిసి పారిపోతే, వాడి బిళ్ళా వాడి పేరూ తగిలించుకుని ఇంకొకడు దిగిపోయేవాడు. మేస్త్రీకి కావలసింది తలలు. ఏ తల ఎవరిదో ఆయన ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు అడగడానికి కంప్యూటరు వచ్చింది. హాజరు, జీతం, కార్మికుల లైన్లలో ఇల్లు, ఆసుపత్రి మందులు, పింఛను అన్నీ దానిలోకే ఎక్కుతున్నాయి. ఎక్కాలంటే పాత దస్త్రంలో ఉన్న వివరాలు మనిషి నోటి నుంచి తప్పు లేకుండా రావాలి. ఆ దస్త్రంలో ఏముందో జయరాం కూర్చున్న గదికి తప్ప ఎవరికీ తెలీదు. తప్పు చెప్పినవాడు ఉద్యోగంతో పాటు అన్నీ వదులుకుని పోవాల్సిందే. యంత్రానికి మొహమాటం ఏముంటుంది?

దాని ముందు కూర్చున్నవాడికి అంతకన్నా లేదని బయట వరుసలో పళ్ళు కొరుకుతున్నారు. జయరాం కోలారులో చదువుకుని నిన్నగాక మొన్న చేరాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఒకరంటే, వాడి నోట్లో మన్ను పడా అని ఇంకొకరు అందుకున్నారు. మారప్ప భార్య చిక్కమ్మ ఆ గది గుమ్మం వైపు తిరిగి ఉమ్మేసి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

తర్వాత వెంకటేశప్పని పిలిచారు.

డ్రిల్లింగు చేసే మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగు మాటలకొకసారి దగ్గుతాడు. పెళ్ళాంబిడ్డలు పల్లెలో ఉంటారు, తనొక్కడే లైన్లలో వండుకు తింటాడు. రిటైరయ్యే రోజు దగ్గర్లోనే ఉంది. ఈలోగా పేరు కొట్టివేస్తే కంపెనీ ఆసుపత్రి మందులు ఈ రోజే ఆగిపోతాయి. ఆ మందులు లేకపోతే ఎక్కువకాలం బతకడని వరుసలో అందరికీ తెలుసు.

వెంకటేశప్ప చెప్పులు బయట విడిచి, ఆ చల్లటి గదిలోకి వచ్చి కూర్చోబోయాడు.

“నిలబడే చెప్పు” అన్నాడు జయరాం. ఇందాకటి మెత్తదనం లేదు. “తండ్రి పేరు?”

ముసలాయన దగ్గాడు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. జయరాం బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

“దొడ్డమునియప్ప కొడుకువి, తండ్రి పేరు చెప్పను ఇంత సేపా? గట్టిగా చెప్పు!”

“దొడ్డమునియప్ప సార్.”

ఊరు అడిగితే బైరకూరని తడుముకోకుండా చెప్పాడు. మొదట ఏ పనిలో చేరాడో కూడా చెప్పాడు. జయరాం మొహంలో చిటపట తగ్గలేదు. అన్నదమ్ములెంతమంది అని అడిగాడు.

“ఎవురూ లేరు సార్.”

తనిఖీ అధికారి కాగితాల మీద నుంచి తలెత్తాడు. జయరాం కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు.

“ఎవురూ లేరంటాడు సూడండి సార్! గనిలో బండ పడి సచ్చిపోయిన హనుమప్ప ఎవురు? సచ్చిపోతే అన్న కాకుండా పోతాడా? యాడన్నా తాగొచ్చినావా?”

ఆ అరుపు బయట వరుస చివరిదాకా వినిపించింది. ముసలాయన చేతులు జోడించాడు.

“ఇప్పుడుండేవాళ్ళని అడిగినారనుకొంటి సార్. మాయన్న హనుమప్ప. బండ పడి పోయినాడు.”

తనిఖీ అధికారికి ఒళ్ళు మండింది. ఆయన బెంగుళూరు నుంచి వచ్చింది దొంగ పేర్లు పట్టడానికే గానీ, రోగిష్టి మనిషిని నిలబెట్టి తిట్టడానికి కాదు. ఈ వయసు మనిషితో మాట్లాడే తీరు ఇదేనా అని జయరాంని గట్టిగా మందలించాడు. ఇలాంటివాళ్ళకి ఇలాగైతేనే నోరు పెగులుతుందని జయరాం ఎదురు చెప్పాడు. ఇక చాలన్నాడు అధికారి. మిగిలిన ప్రశ్నలు అడగనివ్వలేదు. కాగితం లాక్కుని, వివరాలు సరిపోయాయని సంతకం పెట్టి, ముసలాయన్ని భుజం పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టాడు.

బయట జనం ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించారు. యూనియన్ నరసింహప్ప అక్కడికక్కడే జయరాం మీద పైవాళ్ళకి ఫిర్యాదు రాస్తానన్నాడు. ఆ ఉద్యోగం ఊడగొట్టించందే నిద్రపోనన్నాడు.

“వద్దులేప్పా” అన్నాడు ముసలాయన, దగ్గు ఆపుకుంటూ. “వాడూ కడుపుకోసరమే గదా చేస్తుండాది.”

మంచితనానికీ హద్దుండాలని నరసింహప్ప ఆయన్నే కసిరాడు. ఆ వారమంతా జయరాంకి క్యాంటీన్‌లో ఎవరూ పక్కన చోటివ్వలేదు. ఆండర్సన్‌పేటలో అతనికి గది అద్దెకిచ్చిన ఇంటావిడ కూడా ఖాళీ చెయ్యమంది.

శనివారం సాయంత్రం రైలుబండి టేకల్ స్టేషనులో ఆగింది. ముందు పెట్టెలోంచి ముసలాయన దిగాడు, చిట్టచివరి పెట్టెలోంచి జయరాం దిగాడు. ప్లాట్‌ఫారం మీద ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. స్టేషను దాటి రాగిచేల దారిలో మనిషన్నవాడు కనబడని చోటికి వచ్చాక, జయరాం గబగబా నడిచి ముసలాయన్ని అందుకుని, ఆయన చేతిలో సంచి తీసుకున్నాడు.

“పోయిన ఆదివారమంతా అమ్మా నేనూ వల్లె వేయిస్తిమి గదా, ఆ హనుమప్పని యాడ పోగొట్టుకొంటివి నాయనా?”