మూడు సీసాల గాలి

"ఈ చేలో నీళ్లు తీసెయ్యాల్సిందే ముసలయ్య గారూ," అన్నాడు శశిభూషణ్, రాజమండ్రి ల్యాబు నుంచి తెచ్చిన గాలి పరీక్ష కాగితం మడుస్తూ.

ముసలయ్య గట్టు మీద కూలబడ్డాడు. "పొట్ట మీదున్న చేనండి. ఇప్పుడు నీళ్లు తీస్తే తాలే మిగులుద్దండి."

"ఏం చెయ్యమంటారు? భూమిని వేడెక్కించే వాయువు మీ చేలోంచి వచ్చినంత ఇంకే చేలోంచీ రాలేదు. ఎక్కువొస్తే ఆరబెడతామని ముందే చెప్పాం, మీరూ సరేనన్నారు."

"కొలతలో ఏదైనా పొరపాటు..." అనబోయి ముసలయ్యే తల అడ్డంగా ఊపాడు. "లేదులెండి. మా వీరదుర్గ పట్టిన గాలి. వెంట్రుకవాసి తేడా రానివ్వదు."

పక్కనే నిలబడ్డ వీరదుర్గ తల దించుకుంది. వారానికోసారి వరి దుబ్బుల మీద అద్దాల పెట్టె బోర్లించి, పావుగంటకోసారి సిరంజితో అందులో గాలి లాగి మూడు సీసాల్లో పట్టడం ఆమె పని. పోయిన మంగళవారం ముసురు. పైగా పాపకి జ్వరం. గాలి ఎక్కడైనా గాలేగా అనుకుంది.

ముసలయ్య వంగి, పొట్ట ఉబ్బిన దుబ్బుని నిమురుతున్నాడు. ఆ చేతిని చూడలేకపోయింది.

"సార్, పోయిన మంగళవారం మూడు సీసాలూ ఈ చేలోవి కాదండి. పాపకి జ్వరమని ఇంట్లో నింపేశాను. నన్ను పనిలోంచి తీసెయ్యండి. నీళ్లు మాత్రం తియ్యకండి."

ముసలయ్య చెయ్యి ఆగిపోయింది. "నువ్వా అమ్మా?" అన్నాడు అంతే. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

శశిభూషణ్ కాగితం మళ్లీ విప్పాడు. "ఇంట్లో అంటే ఎక్కడ?"

"వంటింట్లోనండి, పొయ్యి పక్కన కూర్చుని. పిడకలు తడిసి ఒకటే పొగండి ఆ రోజు."

అతని వేలు ఆ మూడు సీసాల అంకె దగ్గర ఆగింది. ఇక తిడతాడనుకుంది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"జ్వరమన్నావే, ఆ పాప అప్పుడెక్కడుంది?"

"నా పక్కనే, ఉయ్యాల్లోనండి. దోమలు కుట్టకుండా రోజూ పొగలోనే పడుకోబెడతాం."

"ఇప్పుడో?"

"అక్కడేనండి. మా అత్త వండుతోంది."

"ముసలయ్య గారూ, మీ చేని జోలికి రాంలెండి," అన్నాడు శశిభూషణ్, ఆ అంకె మీంచి వేలు తియ్యకుండానే. "నువ్వు పరిగెత్తమ్మా. ముందు ఆ పిల్లని ఆ పొగలోంచి బయటికి తీసుకురా."