సీసా ముట్టని పెయ్య

“తాగవే తల్లీ! నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క గుక్క తాగు.”

పద్మకుమారి నిజంగానే దూడ కాళ్ల దగ్గర కూలబడి ఉంది. పెయ్యదూడ మాత్రం రబ్బరు పీక నోట్లో పెట్టీ పెట్టగానే తల విదిలించి, సీసాను మూతితో ఒక్క పోటు పొడిచింది. పాలన్నీ ఆమె చీర మీద ఒలికాయి. తల్లి ఆవు నిన్ననే పాము కరిచి చచ్చిపోయింది. దాని గుర్తుగా మిగిలింది ఈ పసిదొక్కటే. ఇదీ దక్కకపోతే ఇక ఆ పాక ఖాళీ.

“అచ్చం దాని అమ్మ మొండితనమేనక్కా,” అన్నాడు తమ్ముడు యుగంధర్.

కబురు తెలియగానే కోటబొమ్మాళి నుంచి బండి మీద వచ్చేశాడతను. వస్తూ వస్తూ పశువుల మందుల షాపులో సీసా కూడా కొనుక్కొచ్చాడు. పొద్దున్నుంచి సీసా కడగడం, పొరుగింటి అనూరాధ ఇచ్చిన ఆవుపాలు గోరువెచ్చన చేసి పొయ్యడం, పీక బిగించి అక్క చేతికి అందివ్వడం, అన్నీ అతనే. కన్నకొడుకైనా అంత చెయ్యడు, ఉన్నమాట చెప్పుకోవాలి మరి!

పద్మకుమారి పాలలో వేలు ముంచి దూడ నోటికి అందించింది. అది వేలిని చప్పరించి, ఇంకా కావాలని ఆమె మోచేతిని కుమ్మింది.

“సూశావా! ఆకలున్నాది దీనికి!” గబుక్కున వేలు తీసి పీక పెట్టింది. అంతే! దూడ నాలుక బయటపెట్టి, నురగ కక్కుకుంటూ గోడవైపు తిరిగిపోయింది.

“ఏలు నాకతాది, రబ్బరు ముట్టదు. ఇదేటి సోద్యంరా?”

“ఏలు మెత్తగుంటాదక్కా. రబ్బరు దానికి కొత్త కదేటి.”

“పోనీ గిన్నెలో పోసి, ఏలితోనే పడతాను.”

“ఓలమ్మ! అంతపని సెయ్యకు. పాలు ముక్కులోకెల్తే ఊపిరాడక సస్తాది. ఆనక నన్నన్నా లాభం నేదు.”

ఆ మాటకి ఆమె హడలిపోయి గిన్నె పక్కన పెట్టేసింది. అతను సీసా మళ్లీ కడిగి తెచ్చాడు. దూడ మళ్లీ తోసేసింది.

సాయంత్రానికి దాని డొక్కలు లోపలికి పోయాయి. లేవమంటే లేవలేదు. పద్మకుమారికి ఏడుపు, దాంతోపాటు ఉక్రోషమూ వచ్చాయి. “నా పాకలో పుట్టి, నా సేతుల్లో పడి, నన్నే వద్దంటన్నాదిరా ఇది. ఏటి అన్నాయం సేశాను దీనికి?”

“అక్కా, ఒక మాట సెప్తాను, కోపం రాకూడదు. మా పక్కింటోల ఆవు ఈనినాది. దాని కింద వదిల్తే తాగతాదేమో. ఇక్కడుంటే మాత్రం రేపటికుండదు.”

ఆమె దూడ మెడ నిమిరింది.

“ఆవు సూలు కట్టిన కాణ్ణుంచి అడిగేవోడివి, పెయ్య పుడితే నాకియ్యవా అని. సచ్చినా ఇయ్యనన్నాను. ఇప్పుడు నానే ఇస్తన్నాను. బతికించుకోరా. బతికితే అది నీదే, మళ్లీ అడగను.”

యుగంధర్ కళ్లు తుడుచుకున్నాడు. దూడని గోనెపట్టాలో చుట్టి, బండి మీద ముందు పెట్టుకుని, సీసా సంచిలో వేసుకుని బయల్దేరాడు. పద్మకుమారి వీధి మలుపు దాకా వెనకే నడిచింది.

“ఇలాంటి తమ్ముడు ఎవలికుంటాడే?” అంది అనూరాధతో, ముక్కు చీదుకుంటూ.

తెల్లారగానే మనసాగక ఆటో ఎక్కేసింది. దారి పొడుగునా ఒకటే గుబులు, ఉందో పోయిందో అని. వెళ్లేసరికి తమ్ముడు ఇంట్లో లేడు. పెరట్లో మరదలు యమున పీట మీద కూర్చుని ఉంది. పెయ్య ఆమె చేతిలోని సీసాని పట్టుకుని, తోక ఊపుకుంటూ గుటగుటా లాగేస్తోంది. నిన్నటి సీసానే.

“ఓలమ్మో, నా తల్లే! తాగతన్నావా!”

పద్మకుమారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ వెనకే మనసు చివుక్కుమంది. తను రోజంతా బతిమాలినా ముట్టనిది, ముఖమైనా ఎరగని మనిషి చేతిలో ఇలా తాగుతుందా!

“నీ సెయ్యి సల్లగుండ యమునా, ఏటి సేసినావే? నా సేతిలో ఎందుకు తాగనేదే ఇది?”

యమున మొహమాటంగా తల దించుకుంది.

“ఏటనుకోకు ఒదినా. పీక్కి ఏపాకు పసరున్నాది, బాగా కడిగి పట్టు అని మీ తమ్ముడు రాగానే సెప్పబట్టి బతికినాది గానీ… ఎదిగిన దూడకి పాలు మాన్పించినట్టు, ఇంత పసిదానికి పసరు రాయడానికి నీకు సేతులెలా వచ్చినాయి ఒదినా?”