గాలి లేని ఊరు

"మా ఊళ్ళో గాలి లేదని రాస్తారా? మీకసలు ఒంటిమీద చర్మం ఉందాండీ?"

జీపుకి అడ్డంగా నిలబడి అడిగాడు ప్రెసిడెంటు సత్తిరాజు. అతని వెనక పొన్నగరువు సగం ఊరు ఉంది. జీపు వెనక సముద్రం, ముందు జనం. మధ్యలో చిక్కుకున్నాడు గణేష్‌బాబు.

గణేష్‌బాబు జాతీయ ఇంధన ల్యాబులో సైంటిస్టు. ఇక్కడి గాలితో కరెంటు తీయడానికి కుదురుతుందో లేదో కొలవాలని కిందటేడు ఈ ఒడ్డున ఎత్తయిన ఇనప స్తంభం పాతించి, దాని కొసన గాలి కొలిచే మిషను పెట్టించింది అతనే. ఇవాళ దాన్ని పీకించి పట్టుకుపోవడానికి వచ్చిందీ అతనే.

"నేను రాయలేదండి ప్రెసిడెంటుగారూ. మిషను రాసింది," అన్నాడు కాగితాలు చూపిస్తూ. "ఏడాది పొడుగునా పిల్లగాలే. అంతకంటే పెద్ద గాలి ఒక్కసారి కూడా నమోదు కాలేదు. దీనికి కరెంటు కాదు కదా, గాలిపటం కూడా లేవదు."

జనం భగ్గుమన్నారు. చేపల తట్ట కింద పెట్టి అచ్చాయమ్మ ముందుకొచ్చింది.

"గాలి లేదంటావా బాబూ? మరి తొంభయ్యారులో నా ఇంటి కప్పు ఎత్తుకెళ్ళింది ఎవరంటావు? మీ ల్యాబోళ్ళా?"

"అది తుఫానమ్మా. మేం కొలిచేది రోజూ వీచే గాలి."

"రోజూ వీచేదే చెప్తున్నాను. మొన్న ఆరేసిన కోక పక్కూళ్ళో దొరికింది. మా ఆయన ఒక్క బీడీ ముట్టించుకోడానికి అగ్గిపెట్టె సగం అయిపోద్ది. అదేం గాలో మీ మిషన్నే అడుగు."

నలుగురు నవ్వారు. సత్తిరాజు నవ్వలేదు. గాలిమరలు వస్తే ఐసు ఫ్యాక్టరీకి రాత్రీ పగలూ కరెంటు ఉంటుందని ఊరంతా ఆశ పెట్టుకుంది. ఇప్పుడైతే కరెంటు పోయిన ప్రతిసారీ ఐసు కరిగి, చేప మెత్తబడి, ప్రాణాలకి తెగించి పట్టిందంతా కొబ్బరి తోటల్లో ఎరువుకి పోతోంది.

"అయితే మా గాలిమరలు ఎక్కడికి పోతున్నాయండి?" అన్నాడు సత్తిరాజు.

"వేరే రాష్ట్రానికండి."

"అక్కడ గాలుందా?"

"మిషను ఉందంటోందండి."

"అంటే మా మొహానికి కొట్టేది గాలి కాదు. మీ మిషను ఒప్పుకుంటేనే గాలి. ఇదేం చదువండీ బాబూ."

గణేష్‌బాబుకి కూడా మండింది. "ఇది పంచాయితీ తగువు కాదండి. ఇంధనం అంటే దేశభద్రత. నోటిమాట మీద నడవదు. అందుకే చుట్టూ కంచె వేయించి 'నిషిద్ధ ప్రదేశం' అని బోర్డు పెట్టించాం. మా వాచ్‌మేన్ ఏడాదిగా పురుగుని కూడా దగ్గరికి రానివ్వలేదు. ఇంక లెక్క తప్పడానికి అవకాశమే లేదు."

ఆ మాటకి వాచ్‌మేన్ అప్పాజీ కాస్త నిటారుగా నిలబడ్డాడు. అతనిదీ ఆ ఊరే. ఈ పనిలో చేరకముందు చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాడు. ఖాకీ చొక్కా తొడుక్కున్నాక సొంత బావమరిదిని కూడా కంచె దగ్గరికి రానివ్వలేదని ఊళ్ళో అతనంటే అందరికీ కోపమే.

అప్పుడే సరుగుడు తోట మొత్తం ఒక పక్కకి వాలింది. సముద్రం మీంచి గాలి విసురుగా వచ్చిపడింది. అచ్చాయమ్మ తట్ట మీది గోనె లేచిపోయింది. సత్తిరాజు తువ్వాలు వెళ్ళి జీపు అద్దానికి అతుక్కుంది. గణేష్‌బాబు చేతిలో ఉన్న కాగితాలన్నీ కంచె దాటి సరుగుడు తోటలోకి ఎగిరిపోయాయి.

"పట్టుకో బాబూ," అంది అచ్చాయమ్మ. "లేని గాలికి పోతన్నాయి."

గణేష్‌బాబు కాగితాల వెంట నాలుగడుగులు వేశాడు. ఆగాడు. మెల్లగా తలెత్తి స్తంభం కొసకి చూశాడు.

గాలి వేగం కొలవడానికి గిర్రున తిరగాల్సిన మూడు గిన్నెలు అక్కడ అంత ఎత్తున ఉన్నాయి. కదలడం లేదు. కింద నిలబడ్డవాళ్ళు కళ్ళలో ఇసక పడుతుంటే చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. పైన ఆ గిన్నెలు మాత్రం గోడ మీద గీసిన బొమ్మలా ఉన్నాయి.

జనం కూడా చూశారు.

"బావుందండి," అన్నాడు సత్తిరాజు. "చెడిపోయిన మిషను మాట నమ్మి మా ఊరి నోట్లో మట్టి కొట్టారన్నమాట."

గణేష్‌బాబు మొహం మాడిపోయింది. ఆ కోపమంతా వాచ్‌మేన్ వైపు తిరిగింది.

"ఏమయ్యా అప్పాజీ, ఏం చెప్పి అప్పజెప్పాను నీకు?"

"లక్షల ఖరీదన్నారండి. దేశం సొత్తన్నారండి. దానికి చిన్న దెబ్బ తగిలినా నన్ను జైల్లో పెట్టిస్తానన్నారండి."

"మరి ఇదేంటి? అక్కడ గిన్నెలు బిగుసుకుపోతే ఇక్కడ నువ్వేం చేస్తున్నట్టు? నెలనెలా జీతం తీసుకుంటూ అంత మిషన్ని గాలికొదిలేస్తావా?"

"ఊరోడివై ఉండి ఇంత పని చేస్తావనుకోలేదురా," అన్నాడు సత్తిరాజు. "కల్లు తాగి పడుకున్నావు. గాలికొదిలేశావు. మా బతుకులూ అలాగే పోయాయి."

అప్పాజీ కళ్ళు ఎర్రబడ్డాయి. ఏడాదిగా ఆఫీసరు ముందు గొంతెత్తని మనిషి, టోపీ తీసి జీపు బానెట్ మీద పెట్టాడు.

"నన్నేమన్నా అనండి సార్, ఆ ఒక్క మాటా అనకండి. జ్వరమొచ్చినా ఈ కంచె వదల్లేదండి నేను. కాస్త గాలి రేగితే చాలు, తింటున్న అన్నం వదిలేసి పైకెక్కి, ఆ గిన్నెలు విరిగిపోకుండా కొబ్బరితాడుతో కట్టేసి, గాలి పడ్డాక మళ్ళీ ఎక్కి విప్పేవాణ్ణండి. ఇందాక మీరొచ్చేముందు కూడా గాలి రేగితే కట్టే దిగాను. ఈ ఏడాదిలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా దాన్ని గాలికొదల్లేదండి."